దోనె ఎక్కిన గడప

నేను పాడుచేసిన వస్తువులు వరసగా పేరిస్తే గుణుపురం నుంచి రాయగడ దాకా వస్తాయి. నాగళ్లు విరిచాను, బండి ఇరుసు వంచాను, ఒకసారి మా అయ్య చూస్తుండగానే ఆయన కళ్లజోడు మీద కూర్చున్నాను. అవన్నీ ఒక ఎత్తు, మా అత్త గడప ఒక ఎత్తు. అత్తారింటి గడపకి కన్నాలు పొడిచి, దాన్ని దోనెకి మేకులతో కొట్టి, చేపల వేటకి తీసుకెళ్లి, చివరికి ఒక చేపకి అప్పజెప్పిన అల్లుడు ఈ కొండల్లో గానీ, కింద సికాకోలు సీమలో గానీ నేను తప్ప ఇంకొకడు లేడు. ఉంటే చెప్పండి, వెళ్లి మొక్కుకుని వస్తాను.

నాకు అక్షరాలు పిల్లలు పుట్టాక వచ్చాయి. అంచేత పెద్ద మాటలు రావు, ఉన్నదున్నట్టు రాస్తాను. నవ్వొస్తే నవ్వండి. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది, మీవల్ల కొత్తగా పోయే పరువేమీ లేదు.

అప్పటికి జలాపుట్ డ్యాము కట్టి నీళ్లు నిలిపి ఎన్నో ఏళ్లు కాలేదు. మా మేనత్త సూరమ్మ, ఆవిడ మొగుడు, అంటే మా మావ, గుణుపురంలో భూమి అన్నదమ్ములకి వదిలేసి, ఎప్పుడో ఆ కొండమీదికి పోయి ఉప్పూ పొగాకూ కిరసనాయిలూ అమ్మే కొట్టు పెట్టుకున్నారు. నీళ్లు పెరిగేసరికి వాళ్లుండే ఊరు మునిగింది. అప్పుడు లమ్తపుట్ వైపు గట్టెక్కి, నీటికి దగ్గర్లో ఒక పాక వేసుకుని, దాని పక్కనే కొత్త ఇల్లు మొదలుపెట్టారు. వాళ్ల కూతురు పైడమ్మని నాకిచ్చారు. పెళ్లి జ్యేష్ఠంలో అయింది. పెళ్లి పందిరి ఇంకా విప్పకుండానే ఆషాఢం వచ్చింది, పైడమ్మ పుట్టింటికి పోయింది.

ఆషాఢం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కొత్త అల్లుడు ఆ నెల అత్తారింటి గడప తొక్కకూడదు. తొక్కితే అత్తకి గండం. ఈ ఆచారం పెట్టినవాడికి పెళ్లయి చాలాకాలం అయి ఉండాలి, లేదా అసలు అయి ఉండకూడదు. మడి దమ్ము చేస్తుంటే అరక పాపిడి తీసినట్టు తిన్నగా పోవాల్సింది, నాది పైడమ్మ జడలాగ మెలికలు పోతోంది. మా అయ్య గట్టు మీద నిలబడి అది చూసి, ఎద్దుల్ని తిట్టాడు. ఎద్దులదే తప్పు అనుకున్నాడని తెలిసి, నేను ఆ దారినే పోయాను. ముసలి ఎడ్లయిపోయాయి అయ్యా, టికిరి సంతలో కొండ ఎడ్లు బాగుంటాయట, చూసి వస్తానన్నాను. ఆయన నమ్మాడు. బస్సులో టికిరి వచ్చింది, ఎడ్లు కిటికీలోంచి కనిపించాయి కూడా. నేను దిగలేదు.

అలా కోరాపుట్ చేరి, అక్కణ్నించి డ్యాము పనికి పోయే లారీ ఎక్కి, తడిసి, అత్తారి పాక ముందు నిలబడ్డాను. పాకకి ద్వారబంధం లేదు. గడప అంటే అడ్డంగా పడేసిన ఒక వెదురు బొంగు. ఆ బొంగుకి అవతల మా అత్త, చేతులు రెండువైపులా చాపి నిలబడింది.

"ఆగండి అల్లుడుగారూ," అంది.

పెళ్లికి ముందురోజు దాకా నన్ను "ఒరే సిమ్మాద్రీ" అని పిలిచిన మనిషి. ఎత్తుకుని ముక్కు తుడిచిన మనిషి. ఆ 'గారూ' వినగానే నాకు భయమేసింది.

"ఇది ఏ నెల?"

"ఆషాఢం అత్తా."

"తెలిసి వొచ్చేరా, తెలక వొచ్చేరా?"

"ఎడ్లు సూద్దావని వొచ్చేను."

"ఎడ్లు టికిరిలో ఉంటాయి. నా ఇంట్లో ఉన్నది పెయ్య."

లోపల పెయ్య కిసుక్కున నవ్వింది. అత్త వెనక్కి తిరక్కుండానే, నవ్వకే అమ్మీ అని కసిరి, నాకు తీర్పు చెప్పింది. శ్రావణంలో కొత్తింట్లో చేరతారట. మునిగిపోతున్న పాతింటి నుంచి ఆవిడ తన నెత్తిమీద పెట్టుకుని తెచ్చిన గడప ఒకటి ఉందట. ఆ గడపని కొత్తింటికి ఎత్తి, పసుపు రాసి, దాన్నే దాటించి కూతుర్ని పంపుతుందట. అంతవరకూ ఓపిక పట్టాలట.

"ఈ లోగా నువ్వు నా గడప తొక్కేవా, దీపావలి దాకా దాన్ని పంపను. మా అన్న వొచ్చి నా కాళ్లట్టుకున్నా పంపను," అని చివర్లో 'గారు' మర్చిపోయింది.

దీపావళి అంటే ఆషాఢానికి ఎంత దూరమో పెళ్లయిన కొత్తలో ఉన్నవాణ్ని అడగండి. ఆ బొంగుని చూసి, తేలు మీద కాలేసినవాడిలా రెండడుగులు వెనక్కి వేశాను. నాకు పాక బయట చూరు కింద ఆకు వేసి అన్నం పెట్టారు. పైడమ్మ వడ్డించడానికి కూడా రాలేదు. చెయ్యి మాత్రం వచ్చింది, పులుసు గిన్నె పట్టుకుని, బొంగు దాటకుండా. ఆ చేతికున్న గాజులు చూసుకుంటూ ఆ పూట ఎంత తిన్నానో నాకే తెలియదు.

నా మకాం డ్యాము దగ్గర, బావమరిది గవరయ్య గదిలో. వాడు డ్యాము పనుల స్టోరులో సామాన్లు అప్పజెప్పే ఉద్యోగం చేసేవాడు. వాడి గదిలో మూల నిలబెట్టిన రెండు రాడ్డులు చూశాను. నున్నటి ఇంగిలీషు గేలపు కర్రలు, రీళ్లతో సహా. ఎవరో ఇంజినీరు దొర బదిలీ మీద వెళుతూ ఇచ్చిపోయాడట.

"దొర ట్రోలింగు సేసేవోడు బావా," అన్నాడు గవరయ్య. "మెరిసే రేకు కట్టి తాడు యెనకాల వొగ్గీడవే. దోనె మెల్లిగా నడుస్తంటాది, యెనకాల రేకు నడుస్తంటాది. సేపే వొచ్చి తగులుకుంటాది. మనం గట్టెంట ఇటు తిరగడం, అటు తిరగడం, అంతే."

గట్టు వెంట ఇటు తిరగడం, అటు తిరగడం. ఆ గట్టు మీదే రేవు. ఆ రేవులోనే పొద్దున్నే పైడమ్మ బట్టలుతుకుతుంది. నీటిమీద గడపలు ఉండవు. దేవుడు ఈ వేటని నా కాపురం కోసమే పుట్టించాడని ఆ నిమిషంలోనే నాకు అర్థమైంది.

మర్నాడు మామిడి మాను తొలిచిన ఒక దోనె సంపాదించాం. నేను తెడ్డు వేశాను, గవరయ్య రెండు చేతులా రెండు రాడ్డులు పట్టుకుని రథం తోలే సారథిలా కూర్చున్నాడు. రేవు ముందునుంచి వెళ్లాం, వచ్చాం. పైడమ్మ నన్ను చూసింది. చూసి, బట్టని బండకేసి ఇంకా గట్టిగా కొట్టింది. అది ప్రేమో కోపమో నాకు తెలియలేదు. అడుగుదామంటే మధ్యలో గవరయ్య. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. కోరితే కోరాడు, దోనెలో నా ఎదురుగా కూర్చుని కోరాలా?

చెల్లెల్ని దోనె ఎక్కించుకోవాలంటే అన్నని దింపాలి. అన్నని దింపితే రాడ్డులు పట్టుకునేదెవరు? నా రెండు చేతులూ తెడ్డుకే చాలవు. రాడ్డులు వదిలేసి ఊరికే తిరిగితే, వేట లేకుండా రేవు ముందు ఈ తిరుగుడేమిటని అత్త అడుగుతుంది. కాబట్టి నాకు కావలసింది గవరయ్యకి బదులుగా, మాట్లాడకుండా రాడ్డులు పట్టుకుని నిలబడే ఏదో ఒక వస్తువు. ఎవరి నెత్తి మీదైనా శని ఇంత చిన్న అవసరంలాగే వచ్చి కూర్చుంటుంది.

మొదట వెదురు బొంగు. ఒక కణుపు కోసి, దోనె అంచుకి తాడుతో కట్టి, రాడ్డు మొదలు అందులో దిగేశాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. నీటి అడుగున ఏదో మోడుకి రేకు తగులుకుని లాగగానే బొంగు నిలువునా చీలింది, రాడ్డు గిర్రున తిరిగి నా చెవి మీద ఒక్కటి ఇచ్చింది. చేప తగిలిందనుకున్నాను. తగిలింది నాకే.

తర్వాత ఇనప గొట్టం. స్టోరులో పారేసిన ముక్క గవరయ్యే ఇచ్చాడు, ఎందుకో అడక్కుండా. గొట్టం వెడల్పు, రాడ్డు సన్నం. దోనె కదిలినప్పుడల్లా లోపల రాడ్డు గణగణమని మోగేది. నీళ్లలో ఉన్న చేపలన్నిటికీ నేనొస్తున్నానని చాటింపు వేసినట్టే. మోగకుండా గోనెపీచు కుక్కాను. అప్పుడు నిజంగానే చేప పడింది, కుక్కిన పీచు తడిసి ఉబ్బి రాడ్డు బయటికి రానంది. నేను రాడ్డు లాగుతాను, రాడ్డు గొట్టాన్ని లాగుతుంది, గొట్టం దోనెని లాగుతుంది. ఈలోగా చేప తన దారిన తను పోయింది.

ఆ తర్వాత చేసింది చెప్పడానికి సిగ్గేస్తోంది గాని చెప్తాను. బరువుంటే కదలదు కదా అని గవరయ్య గదిలో పచ్చడి నూరుకునే రాతి రోలు ఎత్తుకెళ్లి దోనెలో పెట్టి, రాడ్డులు రెండూ అందులో దిగేశాను. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి భయమెందుకన్నారు పెద్దలు. దోనెలో రోలు పెట్టాక మాత్రం భయపడాలి. గట్టు దాటి కాస్త దూరం పోయానో లేదో, దోనె అంచూ నీటి మట్టమూ ఒకటయ్యాయి. రెండు నిమిషాలు రోలూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇద్దరిలో ఒకరు దిగాలి. నాకు పెళ్లయింది కాబట్టి రోలుని దింపాను.

సాయంత్రం గవరయ్య గదంతా వెతికి, నా తడిసిన పంచె కేసి చూసి, "రేపు తిరగలి ఎడతావేటి బావా?" అన్నాడు. అప్పటికి వాడికి అంతా అర్థమయిపోయింది. నాకు మాత్రం, వాడికి అర్థమైందని అర్థం కాలేదు.

ఇన్ని చెడ్డాక ఒక సంగతి తేలింది. బొంగులా చీలకూడదు, ఇనుములా మోగకూడదు, రోలులా ముంచకూడదు. చేవ ఉన్న కర్ర కావాలి. రెండు తాళ్లు పెనవేసుకోకుండా దోనెకి అడ్డంగా పొడుగ్గా ఉండాలి, రెండు చివర్లా రెండు గుంటలుండాలి. అలాంటిది వడ్రంగి చేత చేయించాలంటే ఆషాఢం అయిపోతుంది, ఆషాఢం అయిపోతే ఇంక దాని పని లేదు.

ఆ మధ్యాహ్నం చూరు కింద అన్నం తిని, చెయ్యి కడుక్కోవడానికి కొత్తింటి పక్కకి వెళ్లాను. అక్కడ వడ్రంగి పనిచేసుకునే చిన్న పందిరి ఉంది. వానకి వడ్రంగి రాలేదు. పందిరి కింద, రంపపు పొట్టులో, అది పడుకుని ఉంది. టేకు చెక్క. కొత్తగా చిత్రిక పట్టారు, పచ్చగా మెరుస్తోంది. మూరలు వేసి చూస్తే సరిగ్గా దోనెకి అడ్డంగా సరిపోయి రెండువైపులా చేతెడు మిగులుతుంది. రెండు చివర్లా, మీరు నమ్మండి నమ్మకపోండి, గుండ్రంగా తొలిచిన రెండు గుంటలు.

తలుపుల కింది మొలలు తిరగడానికి గడపకి తొలిచే గుంటలు అవి. లోకంలో పసిపిల్లవాడికి కూడా తెలుసు. గడపలున్న ఇంట్లో పుట్టి పెరిగిన వాడిని, నాకు తెలియదా? తెలుసు. కానీ రాడ్డుల పిచ్చి పట్టినవాడికి గుంట కనిపిస్తే రాడ్డే గుర్తొస్తుంది, తలుపు గుర్తురాదు. పైగా గడపంటే నా కళ్లకి పసుపూ బొట్టూ ఉండాలి. ఆ పసుపంతా వడ్రంగి చిత్రికలో పొట్టుగా రాలి నా కాళ్ల కిందే ఉంది.

దొంగతనం చేద్దామనుకోలేదు. ఈ చెక్క ఎవరిదని అడుగుదామనే అనుకున్నాను. అడగాలంటే అత్త లోపల నిద్రపోతోంది. లోపలికి వెళ్లాలంటే బొంగు దాటాలి. నేను ఆచారం తప్పే మనిషిని కాదు. అంచేత అత్తారి గడప దాటడం ఇష్టంలేక, అత్తారి గడపని భుజానేసుకుని వెళ్లిపోయాను.

గుంటలు లోతు చాల్లేదు. డ్యాము పనుల కొలిమి దగ్గర ఇనప ఊచ ఎర్రగా కాల్పించి, రాడ్డు వెనక్కి వాలి నిలబడేట్టు రెండింటినీ ఏటవాలుగా పొడిచాను. పొగ లేచింది. కమ్మటి వాసన. ఏ హోమంలోనూ నేనంత శ్రద్ధగా కూర్చోలేదు. ఆ తర్వాత దోనెకి అడ్డంగా పెట్టి నాలుగు మేకులు దిగ్గొట్టాను. రాడ్డులు పెట్టి చూస్తే, రెండు కొమ్ముల ఎద్దులాగ ఉంది దోనె. మా అయ్యకి ఎడ్లు తెస్తానన్న మాట సగం నిలబెట్టుకున్నట్టే అనిపించింది.

పొద్దున్నే వాన తెరిపిచ్చింది. గవరయ్య డ్యూటీకి పోయాడు. నేను తాళ్లు వదిలి, దర్జాగా తెడ్డు వేసుకుంటూ రేవుకి వచ్చాను. పైడమ్మ ఒక్కతే ఉంది. చెవి మీద రాడ్డు దెబ్బ వాపు దానికి కనపడకుండా తల అటు తిప్పుకున్నాను.

"ఆ చెవికేటైంది బావా?" అంది మొదటి మాటే.

"నీకోసం ఎదురు సూసి సూసి వాసింది."

"చెవితో సూత్తారేటి?" అని తడి బట్టల మూట దోనెలో పడేసి, దోనె ఎక్కింది. ఎక్కి, ఆ బల్ల మీద ఎందుకో కుడికాలు ముందు పెట్టింది. నేను కూడా చూశాను, మా ఆవిడ ఎంత మర్యాదైందో అని మురిసిపోయాను. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం, గడప మీద, ఆషాఢంలో, పైడమ్మ కొంగున తెచ్చిన, అత్త వేయించిన అటుకుల మూట మధ్యలో పెట్టుకుని. దోనె దానంతటదే నడుస్తోంది. గడప మీద కూర్చోకూడదని మా అమ్మ చిన్నప్పటి నుంచి వీపు వాయించి చెప్పిన మాట ఒకటి ఉంది గాని, నీటి మధ్యలో అదెందుకు గుర్తొస్తుంది?

ఏం మాట్లాడుకున్నామో రాయను, అది మీకు అక్కర్లేదు. కాసేపటికి పైడమ్మ బల్ల మీద చేత్తో రాస్తూ, ఈ కర్ర నానెక్కడో సూసేను అంది. కర్రన్నాక అన్నీ ఒకలాగే ఉంటాయన్నాను. కాదు, అంచున ఇక్కడ గంటు ఉంది, చిత్రికకి పోలేదు అంది.

"ఇలాంటి గంటే మా పాతింట్లో ఉండీది. సిన్నప్పుడు రాయెట్టి సింతపిక్కలు కొట్టీదాన్ని. మాయమ్మ వొచ్చి నా వీపు మీద కొట్టీది, గడప మీద కొడతావా అని. బావా," అని లేచి నిలబడి, నా మొహంలోకి చూసింది. "బావా, ఇది..."

దోనె ఒక్కసారి ఆగిపోయింది.

కుడి రాడ్డు విల్లులా వంగింది. వెంటనే ఆ తాడు అడ్డంగా వెళ్లి ఎడమ తాడుకి చుట్టుకుంది, అదీ వంగింది. నీటిమీద ఒక తోక లేచింది, మా ఇంటి చేట అంత ఉంది. వాలుగ. నేను రాడ్డు మొదలు పట్టుకుని లాగాను. రాత్రంతా వానలో నాని టేకు ఉబ్బి, కన్నం రాడ్డుని పట్టేసింది. పట్టు విడవని కన్నం కావాలని కదా నేను అన్నాళ్లు తపించింది. దొరికింది. రెండు కాళ్లూ తన్నిపెట్టి లాగుదామని నేను కూడా లేచి నిలబడ్డాను.

అదే తప్పయింది. అంతవరకూ ఆ గడపని దోనెకి అంటిపెట్టుకుని ఉంచింది నా నాలుగు మేకులు కావు, మా ఇద్దరి బరువు. బరువు లేవగానే మేకులు కీచుమన్నాయి, గడప పైకి లేచింది, మా మోకాళ్ల కింద ఒక్క పోటు పొడిచింది. మేం దోనెలో వెల్లకిలా పడ్డాం. అటుకులు మా మీద అక్షింతల్లా పడ్డాయి. గడప దోనె వెనకనుంచి దూకి, రెండు రాడ్డులూ రెండు తెరచాప స్తంభాల్లా నిలబడి ఉండగా, చేప లాగుతుంటే నీటి మీద బయల్దేరింది. నా జన్మలో అంత అందంగా నడిచిన పడవని చూడలేదు.

"మాయమ్మ గడప," అంది పైడమ్మ, అటుకుల్లోంచి లేచి.

"అని ఇప్పుడు సెప్తావా?"

"నువ్వు అడిగేవా?"

అది ఏ వైపు వెళుతోందో అప్పుడు చూశాం. ఇంత పెద్ద జలాశయం ఉంది, మునిగిన ఊళ్లున్నాయి, అవతల కొండలున్నాయి. ఆ వాలుగకి రేవే కనిపించింది. రేవులో బట్టల బండ మీద, కూతురు ఎంతకీ రాలేదని వెతుక్కుంటూ వచ్చిన మా అత్త నిలబడి ఉంది.

ఆవిడ కళ్లతో ఒకసారి చూడండి. ఊరు మునిగిన నీళ్లు. ఆ ఊరు ఉన్న వైపునుంచి, మనిషనేవాడు లేకుండా, తను కాపురం చేసిన ఇంటి గడప, తనంతట తాను, తన కాళ్ల దగ్గరికి నీటి మీద వస్తోంది. మా అత్త చంకలో బిందె కింద పెట్టి రెండు చేతులూ జోడించింది. గంగమ్మ తల్లీ అని ఏదో మొక్కుకుంటోంది, మాకు వినిపిస్తోంది. గడప వచ్చి మెల్లిగా బండకి తగిలి ఆగింది. చేప కూడా అలిసిపోయి ఆ పక్కనే పొట్ట తిప్పింది. అత్త వంగి గడపకి కళ్లద్దుకుంది. కళ్లద్దుకున్నచోట నల్లగా కాలిన కన్నం ఉంది.

అప్పుడు తల ఎత్తింది. దూరంగా దోనెలో మేమిద్దరం, తలనిండా అటుకులతో.

దోనె రేవుకి చేర్చడానికి నాకు చాలాసేపు పట్టింది. ఒకే వైపు తెడ్డు వేస్తే దోనె చుట్టూ తిరుగుతుందని నాకు తెలుసు, తెలిసే వేశాను. చేరేసరికి మావ కూడా కొట్టు వదిలి వచ్చి ఉన్నాడు.

"ఒరే సిమ్మాద్రీ," అంది అత్త. 'గారు' పోయింది. ఒక్కసారిగా నా మేనత్త నాకు దొరికినట్టయింది, కానీ సంతోషించే సమయం కాదు. "ఇదేట్రా?"

"రాడ్డులు ఎట్టుకునే బల్ల అత్తా."

"ఎవల బల్ల?"

నేను తల మీద అటుకులు దులుపుకున్నాను.

"నా గడప తొక్కేవా?"

అప్పుడు పైడమ్మ నన్ను కాపాడదామని అడ్డం వచ్చింది. "తొక్కనేదమ్మా. కూకున్నాం."

మా మావ మంచివాడు. కొట్లో ఎంత గొడవైనా సర్దిచెప్పే మనిషి. ద్వారబంధం లేదు, ఇల్లు లేదు, గోడ లేదు, నేల మీద కూడా లేదు, అలాంటప్పుడు అది గడపెలా అవుతుంది సూరీ, ఒట్టి కర్రే కదా అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అత్త ఆయన వైపు తిరిగి, మెడలోంచి తీసి పెట్టెలో పెడితే పుస్తి పుస్తి కాదేటి, అని ఒక్క మాట అడిగింది. మావ చేప ఎంత బరువుంటుందో చూడ్డంలో పడిపోయాడు.

"దీపావలి దాకానా అత్తా?" అన్నాను.

"దీపావలి అని ఎవలన్నారు? సావణంలో అమ్మిని గడప దాటించి పంపుతానన్నాను. సూరమ్మ మాటంటే మాటే. దాటించడానికి గడపేదిరా? చూపించు, ఇప్పుడే దాటిస్తాను."

చూపించడానికి నా దగ్గర ఉన్నది రెండు కన్నాల కర్ర. కాల్చి పొడిచిన గడప ఆవిడ కొత్తింటికి ఎక్కదు. అదే కొలతకి, అదే చేవ ఉన్న టేకు నేనే తెచ్చి, నేనే దగ్గరుండి చేయించి, నేనే ఎత్తి పెట్టాలి. అది శ్రావణానికి అయితే శ్రావణం, వచ్చే శ్రావణానికి అయితే వచ్చే శ్రావణం. ఈ కన్నాలది మాత్రం నీ నెత్తినే పెట్టుకుని పోయి మా అన్నకి చూపించు, ఆయన కొడుకు పనితనం ఆయన కూడా చూడాలి కదా, అంది.

వాలుగని ఆ పూటే వండారు. నాకు చూరు కిందికి తలకాయ వచ్చింది, గాజుల చెయ్యే తెచ్చింది. వాలుగకి ముళ్లు తక్కువని మీకు తెలుసు. ఉన్న ఒక్క ముల్లూ మా అత్త గొంతుకే వచ్చింది. అన్నం ముద్ద మింగితే దిగిపోయింది. కానీ అల్లుడు ఆషాఢంలో గడప తొక్కితే అత్తకి గండమనే మాట నిజమని ఆవిడ బతికినన్నాళ్లూ ఆ ముల్లు సాక్ష్యంగా చెప్పింది. కూర్చుంటేనే ముల్లు, తొక్కితే ఏమయ్యేదో అని నేను అడగలేదు. అడిగే అర్హత నాకు లేదు.

గడప నెత్తినెట్టుకుని బస్సెక్కాను. నడవలో అడ్డంగా పెడితే, రాయగడ దాకా ఎక్కినవాళ్లలో తెలుగువాళ్లంతా కుడికాలు ముందు పెట్టి ఎక్కారు. ఒక ముసలావిడ వంగి కళ్లద్దుకుంది కూడా. కండక్టరు, ఇల్లెక్కడ బాబూ, యెనకాల వస్తోందా అని అడిగాడు.

గుణుపురంలో మా అయ్య కళ్లంలో ఉన్నాడు. దూరం నుంచి చూసి కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఎడ్లేవిరా?"

"గడప తెచ్చేనయ్యా."

అంతా చెప్పాను. దోనె, రోలు, వాలుగ, పుస్తి. మా అయ్య నవ్వడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు కళ్లంలో గడ్డి మోపు మీద కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఆ తర్వాత లేచి అటకెక్కి ఒక టేకు చెక్క దించాడు. మా ఇద్దరికీ పందిరి మంచం చేయిద్దామని పెళ్లికి ముందునుంచీ దాచిన చెక్క. కొలిచి చూశాడు. సరిపోయింది. మంచం కావాలా, మంచమ్మీదికి మనిషి కావాలా, నువ్వే తేల్చుకో అన్నాడు.

నేను తేల్చుకోవడానికి ఎంతసేపు పట్టిందో రాయక్కర్లేదు. మళ్లీ బస్సెక్కాను. ఈసారి వడ్రంగి పక్కన కూర్చుని, ఒక్క మేకు కూడా నన్ను కొట్టనివ్వకుండా వాడు చేస్తుంటే, చెక్క పట్టుకున్నాను. శ్రావణంలో కొత్త గడప ఎక్కింది. అత్త పసుపు రాసింది, బొట్లు పెట్టింది, కూతుర్ని దాటించింది. నన్ను కూడా లోపలికి రమ్మంది. కుడికాలు పెట్టి దాటుతూ, గడపని చూస్తూ పోయానేమో, ద్వారబంధం పై కమ్మీ తలకి తగిలి, ఆరిన చెవి పక్కన మళ్లీ బుడిపె కట్టింది. అత్త నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. అంతటితో మా ఇద్దరికీ చెల్లు.

అలా మా మంచం అత్తారింటి గడప అయింది, అత్తారింటి గడప మా వీధి గడప అయింది. ఆ ఏడంతా చాప మీదే పడుకున్నాం. దాని గురించి మాకు ఫిర్యాదు లేదు. మా గడపకి రెండు చివర్లా నల్లటి ఏటవాలు కన్నాలుంటాయి. వానాకాలం వాటిలో నీళ్లు నిలుస్తాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఇవేమిటని అడిగితే పైడమ్మ కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, మొదటినుంచి చెప్తుంది. రోలు దగ్గరికి వచ్చేసరికి నేను పొలానికి పోతాను.

కాబట్టి అందరూ వినేట్టు ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఈ సింహాద్రి రెండు చివర్లా గుంటలున్న ఏ కర్రనీ ఎవరినీ అడక్కుండా ముట్టుకోడు. ఆషాఢంలో నేల మీద గానీ, నీటి మీద గానీ, అత్తగారిది అని అనుమానం ఉన్న ఏ చెక్క మీదా కాలు పెట్టడు. అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రాణం పోయినా సరే గడప మీద కూర్చోడు. కన్నాలున్న మా గడప సాక్షిగా ఇది నా మాట.

ఇంత వరకూ రాసి తలెత్తితే, పైడమ్మ చీపురు పట్టుకుని నా ముందు నిలబడి ఉంది. వెలుతురు బాగుంటుందని పొద్దుటినుంచీ నేను కూర్చుని రాస్తున్నది ఆ గడప మీదే. లేస్తున్నాను.